స్టాక్ ఫొటో వాడే ముందు చూసుకోవాల్సినవి

స్టాక్ ఫొటోలంటే లైసెన్స్ తీసుకుని ఎవరైనా వాడుకునేలా వెబ్‌సైట్లలో ముందే సిద్ధంగా ఉంచిన ఫొటోలు. ముందుగా ఒక అపోహ వదిలించుకోండి. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం కాదు. ఒకసారి లైసెన్స్ తీసుకుంటే, వాడిన ప్రతిసారీ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదని మాత్రమే. ఫొటో హక్కు తీసినవారి దగ్గరే ఉంటుంది.

• ఫొటో పేజీలో ‘ఎడిటోరియల్ మాత్రమే’ అని ఉందేమో చూడండి. ఉంటే వార్తకో, వ్యాసానికో సరే, ప్రకటనకు వద్దు.

• మనుషుల ముఖాలు కనిపిస్తే మోడల్ రిలీజ్ (ఫొటోలోని మనిషి రాసిచ్చిన అనుమతి) ఉందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. రిలీజ్ ఉన్నా జబ్బులు, అప్పులు, నేరాల లాంటి విషయాల పక్కన ఆ ముఖం పెట్టడాన్ని చాలా స్టాక్ ఫొటో సంస్థలు ఒప్పుకోవు, లేదా షరతులు పెడతాయి. ఆ ఫొటోలో ఉన్నది నిజమైన మనిషి. చూసినవాళ్లు అతనికే ఆ జబ్బుందని అనుకుంటారు.

• కట్టడాలకూ చిక్కులుంటాయి. ఈఫిల్ టవర్ పగటి ఫొటోకు ఇబ్బంది లేదు, రాత్రి దీపాలంకరణకు మాత్రం కాపీరైట్ ఉంది.

• ప్రింట్ చేయిస్తుంటే కాపీల పరిమితి చూడండి. చాలా స్టాండర్డ్ లైసెన్సుల్లో అది 5,00,000. టీషర్టులు, కప్పుల మీద వేసి అమ్మాలంటే సాధారణంగా ఎక్స్‌టెండెడ్ (అదనపు హక్కులిచ్చే) లైసెన్స్ కావాలి.

• లోగోకు వాడొద్దు.

• క్రియేటివ్ కామన్స్ (సీసీ, అంటే షరతులకు లోబడి ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సులు) ఫొటోల్లో సీసీ బీవై అయితే తీసినవారి పేరు వేయాలి, ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ఉచిత సైట్ల నిబంధనలు మారుతుంటాయి. అన్‌స్ప్లాష్ అనే ఉచిత ఫొటోల సైట్ 2017లో సీసీ0 (ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చేది) వదిలి సొంత లైసెన్స్ పెట్టుకుంది. అందుకే డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్, రసీదు ఫొటోతోపాటు ఒకే ఫోల్డర్‌లో దాచండి.