వార్త వలిచే విద్య – 3వ పాఠం: గిన్నెలో ఎంత, ఒంట్లో ఎంత?

కూరగాయలతో ఎముకల క్యాన్సర్ తగ్గుతుందనే వార్తల్లో నిజమెంతో వలిచి చూడటమే ఈ పాఠాల పని. పోయిన పాఠం చివర నేనే అల్లిన ఒక వార్త ఇచ్చాను: ‘బ్రోకలీ దెబ్బకు ఎముకల క్యాన్సర్ హడల్’. పరీక్ష ఎవరి మీద జరిగిందో వెతికి అక్కడ గీత గీయమన్నాను. గీత పడాల్సింది చివరి పేరాలో, ‘యూ2ఓఎస్ కణాలు’ అన్న చోట. 1964లో పదిహేనేళ్ల అమ్మాయి మోకాలి కింది ఎముకలో ఉన్న కణితి నుంచి తీసిన కణాలవి. అరవై ఏళ్లుగా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. సావోస్-2, ఎంజీ-63 అన్నవీ ఇలా పిల్లల నుంచి తీసినవే. ఈ మూడు పేర్లలో ఏది కనబడినా ఎవరికీ కూర వండి పెట్టలేదని, సాధారణంగా ప్లాస్టిక్ గిన్నెలోని కణాల మీద పదార్థం పోసి చూశారని అర్థం.

సరే, ఎంత పోశారు? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

మా కింది ఫ్లాట్‌లో కదిరి నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. ఆమె తమ్ముడి కొడుక్కి ఆస్టియోసార్కోమా. ఎముకలో పుట్టే క్యాన్సర్లలో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఇదే. ఒడ్డూ పొడుగూ ఎదిగే వయసులో, మోకాలి చుట్టుపక్కల మొదలవుతుంది. పిల్లాడికి బెంగళూరులోనే కీమో జరుగుతోంది. మొన్న ఆమె ఫోన్ తెచ్చి పసుపు మీద వచ్చిన వార్త చూపించింది. “అన్నా, కూరలో ఇంత పసుపు ఎక్కువేస్తే పోయేదేముంది?” అంది. పోయేదేమీ లేదమ్మా అని పంపేయొచ్చు. కానీ ఆమె అడిగింది అది కాదు కదా, ఏమైనా ఒరుగుతుందా అని. ఇద్దరం వంటగదిలోనే కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. పసుపు కూరగాయ కాకపోయినా లెక్క నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు.

ఇలాంటి వార్తల్లో ‘20 మైక్రోమోలార్ కర్క్యుమిన్’ లాంటి మాట ఉంటుంది. జడవకండి. మైక్రోమోలార్ అంటే ద్రవంలో పదార్థం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత, కర్క్యుమిన్ అంటే పసుపులోని ఒక పదార్థం. ఆ అంకెను పదార్థపు అణుభారంతో గుణించి, వెయ్యితో భాగిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తేలుతుంది. కర్క్యుమిన్ అణుభారం సుమారు 368. ఇరవైతో గుణిస్తే 7360, వెయ్యితో భాగిస్తే లీటరుకు 7.36 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం 5 లీటర్లనుకుంటే మొత్తం 37 మిల్లీగ్రాముల దాకా కావాలి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది నూటికి 3 పాళ్లు, అటూ ఇటూగా. చిన్న చెంచా పసుపు 3 గ్రాములు. అంటే చెంచాకు 90 మిల్లీగ్రాములు.

కావలసింది 37, చెంచాలో ఉన్నది 90! ఆవిడ కళ్లు వెలిగాయి. చాలామంది ఇక్కడే కాగితం మడిచేస్తారు. నేనూ ఒకప్పుడు మడిచేసినవాణ్ణే.

మనం లెక్కలో మింగిందంతా రక్తంలోకి పోసేశాం. నిజంగా పోతుందా? దీనికి జవాబు దొరికింది మన బెంగళూరులోనే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు 1998లో ఒక పరీక్ష వివరాలు అచ్చేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒకేసారి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి రక్తం తీసి చూశారు. 2 గ్రాములంటే మన లెక్కన ఇరవై రెండు చెంచాల పసుపు. అంత మింగినా రక్తంలో అది దొరకలేదు, దొరికినా లేశమాత్రం. పేగులు, లివర్ కలిసి దాన్ని రూపు మార్చి బయటికి పంపేస్తాయి.

అదే పరీక్షలో మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తానికి అందే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. ఈ అంకెను పట్టుకుని అమ్ముకునేవాళ్లకు కొదవ లేదు. శాతం కనబడగానే ‘దేని మీద?’ అని అడగడం అలవాటు చేసుకోండి. లేశమాత్రాన్ని ఇరవై రెట్లు చేసినా ఎంతవుతుంది? పైగా పైపరిన్ చేసేది లివర్ పనికి అడ్డుపడటం. కీమో మందులను చక్కబెట్టాల్సిందీ ఆ లివరే. చారులో మిరియాలు వేరు, డాక్టరుకు చెప్పకుండా వేసుకునే క్యాప్సూల్ వేరు.

ఆవిడకు ఇంకోటి కూడా చెప్పాను. ఈ జబ్బుకిచ్చే ముఖ్యమైన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది పనిచేసేదే ఫోలేట్ అనే బి విటమిన్‌కు అడ్డుపడి. ఫోలేట్ అన్న పేరు ఆకు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, 1941లో దాన్ని వేరుచేసింది పాలకూర నుంచే. పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించాక, గంటలు లెక్కపెట్టుకుని దానికి విరుగుడుగా ఇచ్చే మందు కూడా ఫోలేట్ జాతిదే. అలాంటి చోట ‘బలానికి’ అంటూ ఎవరో ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్ర చెప్పకుండా వేస్తే ఆ లెక్క చెడొచ్చు. పాలకూర పప్పు గురించి కాదు నా బెంగ, ఆ మాత్రల గురించి. ఆపరేషన్ ఒక్కటే దిక్కయిన రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి ఇరవై మంది కూడా దక్కేవారు కాదు. కీమో తోడయ్యాక, జబ్బు వేరేచోటికి పాకని వాళ్లలో అరవై డెబ్బై మంది బతుకుతున్నారు.

మళ్లీ బ్రోకలీ దగ్గరికి. ఇలాంటి వార్తల్లో దాని పేరుతో వచ్చే సల్ఫోరఫేన్ అనే పదార్థం పువ్వులో ముందే తయారుగా ఉండదు. కోసినప్పుడో నమిలినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైము తగిలి పుడుతుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఆవాల్లోనూ అదే ఎంజైము ఉంది. 2018లో పన్నెండు మంది మీద జరిగిన పరీక్షలో, ఉడికిన బ్రోకలీకి ఒక గ్రాము ఆవపొడి కలిపితే సల్ఫోరఫేన్ నాలుగు రెట్లకు పైగా ఒంటికి పట్టింది. పొయ్యి దించాక ఆవపెట్టిన కూర చేసే మన అమ్మమ్మలకు ఇదంతా తెలుసని నేననను, వాళ్లు రుచి కోసమే పెట్టారు. మడివాళ మార్కెట్‌లో నవిలుకోసు అని అమ్మే నూల్‌కోల్ కూడా ఈ క్యాబేజీ కుటుంబమే, దానికీ ఆవ బాగుంటుంది. ఆరోగ్యవంతుల ఒంటికి పట్టిందన్నారు గానీ, ఎముకలో కణితి తగ్గిందని ఆ పరీక్షలో ఎవరూ అనలేదు, ఎవరూ చూడనూ లేదు.

అభ్యాసం: ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ అణుభారం 302. ‘50 మైక్రోమోలార్ దగ్గర సావోస్-2 కణాలు చచ్చాయి’ అని వార్త అనుకోండి. నూరు గ్రాముల ఎర్ర ఉల్లిలో క్వెర్సెటిన్ 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ముందు కాగితం మీద ఎన్ని ఉల్లిపాయలు కావాలో కట్టండి. తర్వాత, ఉల్లి దండిగా తిన్నవారి రక్తంలోనూ అది 1 మైక్రోమోలార్ దరిదాపుల్లోనే ఉంటుందన్న సంగతి పెట్టుకుని లెక్క తిరగరాయండి. రెండు జవాబులూ పక్కపక్కనే ఉంచండి.

వచ్చే పాఠంలో బిళ్ళగన్నేరు. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌ను ఈవింగ్ సార్కోమా అనే ఇంకో ఎముకల క్యాన్సర్‌కు నిజంగానే ఇస్తారు, అదీ సూదితో నరంలోకి. ఆకు నమిలితే ఎందుకు కుదరదో అప్పుడు చూద్దాం. ఈలోగా పెరట్లో ఉంది కదా అని ఎవరూ నోట్లో వేసుకోకండి, అది విషం.