లిస్బన్‌కు కొత్తా? గిన్నెలో ఏముందో అడిగి తినండి

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వచ్చిన మొదటి నెలంతా నేను రైస్ కుక్కర్‌నూ, ఇంటి నుంచి మోసుకొచ్చిన ఆవకాయనూ నమ్ముకునే బతికాను. మీరూ అదే పని చేస్తారు, తప్పేం లేదు. సరుకులకు టెన్షన్ పడక్కర్లేదు. మర్తిం మునీజ్ మెట్రో స్టేషన్ దగ్గర, బెంఫుర్మోజు వీధిలో మన ఉపఖండం వాళ్ళ దుకాణాలు వరసగా ఉంటాయి. పప్పులు, మసాలాలు అక్కడ దొరుకుతాయి. కానీ ఆవకాయ సీసా అడుగంటాక బయట తినక తప్పలేదు. ఈ ఊరు నాకు అలవాటైంది అప్పటి నుంచే.

ముందు డబ్బు సంగతి. హోటల్లో కూర్చోగానే మీరు అడక్కుండానే బ్రెడ్డు, వెన్న, ఆలివ్‌లు, ఒక్కోసారి చీజ్ తెచ్చి పెడతారు. మన భోజన హోటల్లో పచ్చడి, పొడి పెట్టినట్టు అనుకోకండి. దాన్ని కువేర్ అంటారు, తింటే బిల్లులో పడుతుంది. వద్దంటే తీసుకెళ్ళిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ సంగతి తెలియక మేం నలుగురం మొదటిసారి చీజ్ అంతా ఊడ్చేసి, బిల్లు చూసి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మధ్యాహ్నం 'ప్రాతు దు దీయ', అంటే ఆ రోజు స్పెషల్ తీసుకోండి, చవకలో కడుపు నిండుతుంది. కొన్నిచోట్ల 'మెయ దోజ్' అని సగం ప్లేటు కూడా ఇస్తారు. ఆ సగమే ఒక మనిషికి ఎక్కువ.

శాకాహారులు 'లెవ కార్న్?' అన్న రెండు మాటలు నేర్చుకోండి. ఇందులో మాంసం పడుతుందా అని. 'లెవ ఓవు?' అంటే గుడ్డు పడుతుందా అని. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. కాల్దు వెర్ద్ అనే సూప్ ఉంది. బంగాళాదుంప ఉడికించి మెత్తగా చేసి, అందులో దారాల్లా తరిగిన ఆకుకూర వేస్తారు. చూడ్డానికి ఆకుకూర పప్పంత సాధువు. సగం తాగాక గరిటెలోకి షోరీసు ముక్క ఒకటి ఎక్కి వచ్చింది. అది పంది మాంసం సాసేజ్. చేసేవాళ్ళకు అది సూప్ అలంకారం, మాంసం లెక్కలోకే రాదు. కాబట్టి 'శాకాహారమా?' అని ఊరుకోకండి, ఏమేం వేశారో పేరుపేరునా అడగండి. స్టూడెంట్లకు ఒక సదుపాయం ఉంది: 2017లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ క్యాంటీన్లలో, యూనివర్సిటీలు సహా, శాకాహార భోజనం ఉండి తీరాలి.

బీఫ్ తిననివాళ్ళు పేర్లు చూసి మోసపోతారు. బిఫాన అంటే బీఫ్ అనిపిస్తుంది గానీ అది పంది మాంసం శాండ్‌విచ్. బీఫ్ ఉండేది ప్రెగు అనే శాండ్‌విచ్‌లో, బితోక్ అనే స్టీక్ ప్లేటులో. పోర్తు నగరం గొప్పగా చెప్పుకునే ఫ్రాన్సెజీన్య అనే శాండ్‌విచ్‌లో ఏకంగా నాలుగైదు రకాల మాంసం, పైన చీజ్, ఆపైన బీరు కలిపిన సాస్. నాకైతే ఒక్కసారికే చాలనిపించింది.

చేప తినేవాళ్ళకు ఇది స్వర్గం. జూన్‌లో సెయింట్ ఆంటొనీ పండగకు లిస్బన్ సందులన్నీ సార్డీన్లు కాల్చిన పొగే. చేపను బ్రెడ్డు మీద పెట్టుకుని చేత్తోనే తింటారు, మొహమాటపడకండి. ఇక బకల్యావ్ ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. ఈ తీరంలో దొరకదు, ఉత్తర సముద్రాల నుంచి వస్తుంది, అయినా వీళ్ళకు ఇంటి చేప అదే. సూపర్‌మార్కెట్లో అట్టముక్కల్లా పేర్చి ఉంటుంది. ఇంట్లో వండాలంటే ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ ఫ్రిజ్‌లో నానబెట్టాలి. మొదటిసారి మాత్రం హోటల్లో బకల్యావ్ ఆ బ్రాష్ తినండి. చేప పొరలు, ఉల్లిపాయ, సన్నటి ఆలూ వేపుడు, గుడ్డు కలిపి చేస్తారు. ముల్లు గొడవ ఉండదు.

కారం మాత్రం ఆశించకండి. మన దేశానికి మిరపకాయ తెచ్చింది ఈ పోర్చుగీసువాళ్ళే, వాళ్ళ పప్పులో మాత్రం వెయ్యలేదు! కాల్చిన కోడితో పిరిపిరి సాస్ అడిగి వేయించుకోండి. నోరు చప్పబడిపోయినప్పుడు నన్ను ఆదుకున్నది అలెంతేజు ప్రాంతం అసోర్ద. వెల్లుల్లి, కొత్తిమీర, కళ్ళుప్పు రోట్లో నూరి, ఆలివ్ నూనె పోసి, మసిలే నీళ్ళు కుమ్మరిస్తారు. నిలవ బ్రెడ్డు ముక్కలు, ఒక గుడ్డు అందులో పడతాయి. ఆ వేడి నీళ్ళు తగలగానే లేచే కొత్తిమీర వాసనకు నాకు మా ఇంటి చారు గుర్తొచ్చింది.

తీపి దగ్గరికి వస్తే అంతా గుడ్డు పచ్చసొనే. కాన్వెంట్లలో బట్టలకు గంజి పెట్టడానికి తెల్లసొన వాడి, మిగిలిన పచ్చసొనతో నన్‌లు మిఠాయిలు చేశారని చెబుతారు. అవైరు ఊరి ఓవుష్ మోల్ష్ అలాంటిదే: గవ్వ ఆకారపు పల్చటి పొరలో పాకం పట్టిన పచ్చసొన. పాష్టెల్ ద నాటా, అంటే పచ్చసొన కస్టర్డ్ నింపిన చిన్న టార్ట్, వీధికొకటి దొరుకుతుంది. వేడిగా ఉన్నప్పుడే దాల్చినచెక్క పొడి చల్లుకుని తినాలి. లిస్బన్‌లోని బెలేం పేటలో 1837 నుంచి చేస్తున్న దుకాణం ముందు క్యూ పెద్దదే, నిలబడొచ్చు. శాకాహారులకు ఇంకో హెచ్చరిక. 'అబాద్ ద ప్రీష్కుష్' అనే పుడ్డింగ్‌లో పంది కొవ్వు పడుతుంది. తీపిలో మాంసం ఏముంటుందిలే అనుకోకండి.

నాకు నచ్చినవి మాత్రం అరోజ్ దోస్, అలెత్రియ. 'దోస్' అంటే తీపి, మన దోసె కాదు. అరోజ్ దోస్‌లో ఉండేవి అన్నం, పాలు, పంచదార, నిమ్మతొక్క, అంటే మన పరమాన్నమే. చాలా ఇళ్ళలో పచ్చసొన కూడా కలుపుతారు. మా పక్కింటి పెద్దావిడ వెడల్పాటి పళ్ళెంలో పోసి, దాల్చినచెక్క పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని గళ్ళు గీస్తుంటే చూశాను. వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి అచ్చం అలాగే తిరుగుతుంది.

ఆవిడతో పరిచయం సేమియా పాయసంతోనే. దసరాకు గిన్నెలో పట్టుకెళితే, మూత తీసి 'అలెత్రియ!' అంది. వీళ్ళు క్రిస్మస్‌కు చేసే సేమియా తీపి అది, కాకపోతే ముక్కలు కోసేంత గట్టిగా ఉంటుంది. డిసెంబర్‌లో నా గిన్నె రబనాదలతో తిరిగొచ్చింది: పాలలో నానబెట్టి, గుడ్డులో ముంచి వేయించి, పంచదార, దాల్చినచెక్క అద్దిన బ్రెడ్డు. ఈసారి పులిహోర ఇచ్చాను, మిరపకాయలు ఏరేసి. ఆవిడ ఫోర్కుతో తింటూ కరివేపాకులన్నీ ప్లేటు అంచున వరసగా పేర్చి, 'ఇది మా బిర్యానీ ఆకులాంటిదా, తినకుండా తీసేయాలా?' అని అడిగింది. మా ఇంట్లోనూ పక్కన పెట్టేస్తామని చెప్పాను.