వ్యాపారం దెబ్బతిన్నాక క్రెడిట్ కార్డు అప్పు దించుకోవడం

ముందు కార్డు వాడకం ఆపండి. పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమని చూపే మొత్తం, కడితే చాలనుకోవడమే అసలు ఉచ్చు. లక్ష బాకీకి నెలకు 3 శాతం వడ్డీ అంటే 3,000. మినిమం 5 శాతమైతే కట్టేది 5,000. అసలులో తగ్గేది 2,000 మాత్రమే. అందుకే అన్ని కార్డులకూ మినిమం కట్టి, మిగిలిన డబ్బంతా వడ్డీ ఎక్కువున్న కార్డుకే మళ్లించండి. ఒక కార్డులో నగదు తీసి ఇంకోదానికి కట్టొద్దు, ఫీజూ వడ్డీ రెండూ మీద పడతాయి.

గడువు తప్పకముందే బ్యాంకుకు రాసి, తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని అడగండి. ప్రాసెసింగ్ ఫీజు కలిపి లెక్కేసుకోండి. సెటిల్‌మెంట్, అంటే బాకీలో కొంత కట్టి మిగతాది వదిలేయమని బ్యాంకును ఒప్పించడం, చివరి దారి. క్రెడిట్ రిపోర్టులో ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. తప్పనిసరైతే, బ్యాంకు ఒప్పుకున్న మొత్తం కాగితం మీద వచ్చాకే డబ్బు కట్టండి.