ఈశాన్య వానలకు ముందే పాత పికప్ స్టీరింగ్ చూసుకోండి

గూడూరు నిమ్మకాయలో, నాయుడుపేట వైపు కూరగాయలో వేసుకుని రాత్రిపూట కోయంబేడు మార్కెట్టుకు వచ్చే మన పికప్‌లలో పదేళ్లు దాటిన బండ్లు తక్కువేమీ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నగరం ఎలా మునిగిందో అందరం చూశాం. నీళ్ల అడుగున గుంత ఎక్కడుందో తెలియని రోడ్డు మీద, చెయ్యి తిప్పిన కాసేపటికి గానీ చక్రం కదలని బండి నడపడం ప్రాణాలతో చెలగాటమే.

ఆయుధ పూజకు ఎలాగూ బండి కడుగుతారు. దయచేసి కడగక ముందే ఈ పరీక్ష చేయండి. కారిన గ్రీజు, బోల్టు చుట్టూ రాలిన తుప్పు పొడి, చిరిగిన రబ్బరు దగ్గర అంటుకున్న బురద, ఇవే లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు. నీళ్లు కొడితే అన్నీ పోతాయి.

ముందు టైర్లలో గాలి సరిచూసి, చక్రాలు తిన్నగా ఉంచి బండిని చదునైన చోట ఆపండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజను నడుస్తూ ఉండాలి. స్టీరింగ్ అంచున ఒక టేపు ముక్క అంటించి, ముందు చక్రం కదలబోయే దాకా అటూ ఇటూ మెల్లగా తిప్పండి. ఖాళీగా తిరిగినదంతా ప్లే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 98వ నిబంధన ప్రకారం అది 30 డిగ్రీలు మించకూడదు. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగ్‌కు అంచు దగ్గర అది 10 సెంటీమీటర్ల పైమాటే. చట్టం గీసిన ఆ గీత దాకా ఆగాల్సిన పని లేదు. నేనైతే మూడు వేళ్ల వెడల్పు దాటిందంటే బండి కిందికి దూరి చూస్తాను.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును లోపలి పళ్లతో చక్రాల రాడ్లకు అందించే పెట్టె) మీది స్క్రూ బిగిస్తే వదులు పోతుందని మెకానిక్‌ను అడుగుతారు. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సులో పళ్లు మధ్యలోనే బాగా అరుగుతాయి. అక్కడి వదులు పోయేదాకా బిగిస్తే, అరగని చోట, అంటే మలుపులో, పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. వాన రోడ్డులో వదులు కన్నా ఇదే ప్రమాదం. మిగతావన్నీ చూశాకే బాక్సు జోలికి పోండి.

చక్రాలు నేల మీదే ఉండాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపేయండి. సీట్లో ఒకరు కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే, ఇంకొకరు పై నుంచి కింది దాకా ఒక్కో జాయింటు చూస్తూ రావాలి. స్టీరింగ్ రాడ్డుకున్న క్రాస్ జాయింటు, బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, బాక్సు నుంచి కిందికి దిగే డ్రాప్ ఆర్మ్, దాని నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ రాడ్డు, ఆ తరువాత ముందు చక్రాలను కలిపే రాడ్డుకు రెండు వైపులా టై రాడ్ ఎండ్‌లు. జాయింటు మీద అరచెయ్యి ఆనించి ఉంచండి. కంటికి కనిపించని వదులు చేతికి టక్కుమని తగులుతుంది. ఒక రాడ్డు కదిలి, దానికి బిగించిన రెండోది ఆలస్యంగా కదిలితే లోపం ఆ రెండింటి నడుమే. బాక్సు బోల్టుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే బాక్సే కదులుతోందన్న అనుమానం రావాలి. అక్కడ ఛాసిస్ చిట్లిందేమో టార్చి వేసి చూడండి.

తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. వదులుంటే సీట్లో ఉన్న మనిషిని బ్రేకు తొక్కమనండి. వదులు పోయిందా, వీల్ బేరింగును అనుమానించాలి. పోలేదా, చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ గానీ, దాని పని చేసే బాల్ జాయింటు గానీ అరిగి ఉంటుంది. పక్కల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్ వైపు చూడండి.

పాత విడిభాగాలకు చెన్నైలోని పుదుపేట మంచి చోటే. అయినా టై రాడ్ ఎండ్, బాల్ జాయింటు కొత్తవే కొనండి. పైకి బాగున్న పాతదాని లోపల ఎంత అరిగిందో చూసి చెప్పలేరు. కొత్తది బిగించాక నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ తప్పనిసరి, పాత పిన్ను మళ్లీ వాడకండి. టై రాడ్ ఎండ్ మార్చిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే ముందు టైర్లు కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి.

వానాకాలం మధ్యలో బండి మోకాలి లోతు నీళ్లలో నడిస్తే, గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) ఉన్న ప్రతి జాయింటులోనూ పాత గ్రీజు, నీళ్లు బయటికి వచ్చేదాకా గన్‌తో కొత్త గ్రీజు పట్టించండి. నిపుల్ లేని జాయింటుకు రబ్బరు చిరిగి లోపలికి నీళ్లు పోతే గ్రీజుతో లాభం లేదు. ఆ జాయింటు మార్చాకే మళ్లీ లోడు ఎత్తండి.