ఉబుంటు సర్వర్‌లో అక్కరలేని పోర్టులను మూయడం ఎలా?

కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము బయటి నుంచి వచ్చే కనెక్షన్ల కోసం ఏ సంఖ్య మీద ఎదురుచూస్తుందో దానినే నెట్‌వర్క్ పోర్టు అంటాము. డేటా పంపే రెండు పద్ధతులైన టీసీపీకి, యూడీపీకి విడివిడిగా 0 నుంచి 65535 వరకు ఈ సంఖ్యలు ఉంటాయి. వెబ్‌సైట్లకు 80, 443, దూరం నుంచి లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22, సైటు పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు 3306, విండోస్ ఫైల్ షేరింగ్‌కు 445 వాడుకలో ఉన్నాయి. ఒక పోర్టు మీద వింటున్న ప్రోగ్రాములో లోపం ఉండి, ఆ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ప్రమాదం మొదలవుతుంది. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము), విండోస్‌లోని ఒక లోపాన్ని వాడుకుని ప్రపంచమంతటా పాకింది 445 పోర్టు గుండానే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (దిద్దుబాటు) విడుదల చేసింది. అంతకు ముందు ఏడాది మిరాయ్ అనే మాల్‌వేర్ 23వ పోర్టులోని టెల్‌నెట్ ద్వారా, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను వశం చేసుకుంది.

పని మొదలుపెట్టే ముందు సుడో (అడ్మిన్ అధికారంతో కమాండు నడిపే) అనుమతి ఉన్న ఖాతా, ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయకపోయినా బ్రౌజర్ నుంచి సర్వర్‌లోకి వెళ్ళడానికి హోస్టింగ్ కంపెనీ ఇచ్చే వెబ్ కన్సోల్ లాగిన్ సిద్ధంగా ఉంచుకోవాలి.

మొదట ఏ పోర్టు మీద ఏ ప్రోగ్రాము వింటోందో చూడాలి. ఎస్‌ఎస్ అనే కమాండుకు టీ, యూ, ఎల్, ఎన్, పీ అనే అయిదు అక్షరాలను జోడించి సుడోతో నడిపితే (sudo ss -tulnp), ప్రతి పోర్టు పక్కన దానిని పట్టుకున్న ప్రోగ్రాము పేరు కనిపిస్తుంది. లోకల్ అడ్రస్ అనే నిలువు వరుసను నిదానంగా చదవాలి. 127.0.0.1:3306 అని ఉంటే ఆ డేటాబేస్‌ను అదే సర్వర్‌లోని ప్రోగ్రాములు మాత్రమే చేరగలవు. 0.0.0.0:3306 అని ఉంటే అది సర్వర్‌కున్న ప్రతి ఐపీవీ4 చిరునామా మీద వింటోంది.

రెండవది, అక్కరలేని సర్వీసును ఆపి, రీబూట్ తరువాత మళ్ళీ లేవకుండా డిసేబుల్ చేయాలి. డేటాబేస్ కావాలి కానీ బయటివారికి అక్కరలేదు అనుకుంటే, దాని కాన్ఫిగరేషన్‌లో బైండ్ అడ్రస్‌ను (ఏ చిరునామా మీద వినాలో చెప్పే అమరికను) 127.0.0.1 చేయాలి. చాలామంది ఈ మెట్టును వదిలేసి నేరుగా, వచ్చే కనెక్షన్లను వడగట్టే ఫైర్‌వాల్ దగ్గరికి వెళతారు. అది తప్పు పద్ధతి. ఫైర్‌వాల్‌ను ఎవరో ఒకరు ఏదో ఒక రోజు పరీక్ష కోసం ఆపుతారు. ఆపేసిన సర్వీసు మాత్రం ఆ రోజు కూడా ఎవరికీ జవాబు ఇవ్వదు.

ఇక ఫైర్‌వాల్. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనం ఉండగా మరొకటి వెతకనక్కరలేదు. అత్యంత జాగ్రత్త అవసరమైన మెట్టు ఇదే. దూరంగా ఉన్న సర్వర్‌లో 22వ పోర్టుకు అనుమతి రాయకుండా ఎనేబుల్ కొడితే, కొత్తగా లాగిన్ అయ్యే దారి మూసుకుపోతుంది. అసలు మోసం ఏమిటంటే, అప్పటికే తెరిచి ఉన్న సెషన్ చాలాసార్లు తెగిపోదు. అంతా బాగుందనుకుని మనము ఎగ్జిట్ కొడతాము. మళ్ళీ లోపలికి రాబోతే కర్సర్ మినుకుమినుకుమంటూ నిలబడి, కాసేపటికి కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వస్తుంది. ఈ కారణంగా శనివారం రాత్రి నాకు వచ్చిన ఫోన్లు ఒకటీ రెండూ కావు.

అందువల్ల ముందు 22/టీసీపీకి, తరువాత వెబ్‌సైటు ఉంటే 80, 443 పోర్టులకు అనుమతి రాయాలి. ఎస్‌ఎస్‌హెచ్ వేరే పోర్టు మీద నడుస్తుంటే 22 బదులు ఆ సంఖ్యనే రాయాలి. ఎస్‌ఎస్ చూపిన జాబితాలో దానిని సరిచూసుకోవాలి. రాసిన నియమాలను యూఎఫ్‌డబ్ల్యూ షో యాడెడ్ కమాండుతో చూడాలి, ఎందుకంటే ఎనేబుల్ చేయక ముందు స్టేటస్ అడిగితే ఇనాక్టివ్ అనే ఒక్క మాటే వస్తుంది. పది నిమిషాల తరువాత యూఎఫ్‌డబ్ల్యూను తనంతట తానే డిసేబుల్ చేసే టైమర్‌ను సిస్టమ్‌డీ-రన్ అనే కమాండు ద్వారా పెట్టాలి. అప్పుడు మాత్రమే ఎనేబుల్ చేయాలి. పాత టెర్మినల్‌ను ముట్టుకోకుండా, మరొక టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడాలి. లాగిన్ అయితే టైమర్‌ను రద్దు చేయాలి. కాకపోతే పాత టెర్మినల్‌లో నియమాన్ని సరిదిద్దాలి.

ఎస్‌ఎస్‌హెచ్‌ను 22 నుంచి 2222కు మార్చితే భద్రత వస్తుందన్న సలహా తరచు వినిపిస్తుంది. అలా మార్చడం వల్ల లాగ్‌లలో చెత్త తగ్గుతుంది, అంతే. మొత్తం పోర్టులను స్కాన్ చేసేవాడికి 2222 కూడా దొరుకుతుంది. 22ను అలాగే ఉంచి, పాస్‌వర్డ్ లాగిన్‌ను పూర్తిగా ఆపి, దాని బదులు కీతో (మీ కంప్యూటర్‌లో ఉండే రహస్య ఫైలుతో) మాత్రమే లాగిన్ కావాలి. అయితే కీతో లాగిన్ అవుతోందని రూఢి చేసుకున్న తరువాతే పాస్‌వర్డ్‌ను ఆపాలి.

ప్రోగ్రాములను కంటెయినర్లలో విడివిడిగా నడిపే డాకర్ వాడేవారికి ఇంకొక మాట చెప్పాలి. డాకర్ బయటికి ఇచ్చే పోర్టులు ఐపీటేబుల్స్‌లో (లినక్స్ నెట్‌వర్క్ నియమాల పట్టికల్లో) దాని సొంత నియమాల గుండా వెళతాయి కాబట్టి, యూఎఫ్‌డబ్ల్యూ ఆపుతున్నట్టు కనిపించినా ఆగవు. డాకర్ కాన్ఫిగరేషన్‌లోని పోర్టుల వరుసలో 6379:6379 అని రాస్తే రెడిస్ అనే డేటాబేస్ ఇంటర్నెట్‌కు తెరుచుకుంటుంది, 127.0.0.1:6379:6379 అని రాయాలి.

చివరగా, సర్వర్ లోపలి నుంచి కాకుండా, మొబైల్ డేటాకు కలిపిన ల్యాప్‌టాప్ నుంచి ఎన్‌మ్యాప్ అనే పోర్టు స్కానర్‌తో మీ సర్వర్‌ను మాత్రమే స్కాన్ చేయాలి. అది మామూలుగా 1000 పోర్టులనే చూస్తుంది కాబట్టి, మొత్తం 65535 చూడమని విడిగా చెప్పాలి. సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా ఉంటే దానికి మరొకసారి స్కాన్ నడపాలి. మీరు అనుమతించని సంఖ్య ఏదైనా ఓపెన్ అని వస్తే, ఎస్‌ఎస్ జాబితాకు తిరిగి వెళ్ళి ఆ పోర్టు ఏ ప్రోగ్రాముదో చూడాలి.