బెంగళూరులో వృద్ధుల కేర్ హోమ్: డబ్బు కట్టకముందే చూడాల్సినవి

అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి అమ్మానాన్నలను బెంగళూరుకు తెచ్చుకున్న ఇళ్లలో కేర్ హోమ్ మాట ఎక్కువగా ఆసుపత్రి మంచం పక్కనే మొదలవుతుంది. పక్షవాతం వస్తుంది, లేదా తుంటి ఎముక విరుగుతుంది. రెండు రోజుల్లో డిశ్చార్జ్ అంటారు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లే. ఆ తొందరలో ఫోన్లో ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టేస్తారు. వారం పాటు ఇంట్లో నర్సును పెట్టుకోవాల్సి వచ్చినా సరే, ఆ వారం తీసుకోండి. తోట, టీవీ హాలు, భజన మందిరం చూసి నిర్ణయించొద్దు. అక్కడ బాగా మంచాన పడ్డవాళ్లను ఎలా చూస్తున్నారో చూడండి. రేపు మీవాళ్లు ఆ స్థితికి వచ్చినా అందేది ఆ చూపే.

మొదట దూరం. వైట్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్లు కనకపుర రోడ్డులో చల్లటి చోటు దొరికిందని చేర్పిస్తే, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని నెల తిరిగేసరికి వెళ్లడం ఆదివారాలకే పరిమితమవుతుంది. ఆదివారం మీరొస్తారని వాళ్లకూ తెలుసు. చెప్పకుండా, ఏ బుధవారం సాయంత్రమో పది నిమిషాలు తొంగిచూసి రాగలగడం అన్ని సౌకర్యాల కంటే విలువైనది. కాస్త పాత బిల్డింగ్ అయినా ఇంటికి, ఆఫీసుకు మధ్యలో ఉన్నదాన్నే ఎంచుకోండి. 24 గంటలూ సీటీ స్కాన్, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి అక్కడి నుంచి ఎంతసేపో కూడా చూసుకోవాలి. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు. రాత్రి రెండింటికి మూతి వంకర పోయిన మనిషిని ఉదయం కాఫీ వేళకు గమనిస్తే ఆ అవకాశం పోయినట్టే.

కనీసం రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి చెప్పి వెళ్లండి, మేనేజర్ అన్నీ చూపిస్తారు. రెండోసారి చెప్పకుండా, రాత్రి భోజనం, షిఫ్ట్ మార్పు కలిసే వేళకు, అంటే ఏడున్నర, ఎనిమిది ప్రాంతంలో వెళ్లండి. ఆ గంటలోనే మనుషుల కొరత బయటపడుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత బయటివాళ్లను రానివ్వకపోవడంలో న్యాయం ఉంది. పగటి పూట కూడా ఫోన్ చేయకుండా రావద్దంటే ఆ హోమ్‌ను అక్కడితో వదిలేయండి.

లోపల అడుగుపెట్టగానే వాసన గమనించండి. ఒక గదిలో మూత్రం వాసన వస్తే ఎవరికో ఇప్పుడే డైపర్ మార్చాలని అర్థం. వరండా అంతా వస్తే పరుపులకే పట్టేసిందని అర్థం. ఫెనాయిల్ వాసన ముక్కు పగిలేలా ఉన్నా అనుమానించాల్సిందే. తర్వాత మేనేజర్ అనుమతితో ఒక మంచం దగ్గర కాలింగ్ బెల్ నొక్కి గడియారం చూడండి. ఐదు నిమిషాల్లోపు ఎవరో ఒకరు రావాలి. బెల్ మంచం మీదున్న మనిషి చేతికి అందుతోందా, గోడకు వేలాడుతోందా అన్నది అంతకంటే ముఖ్యం.

అన్నం తినిపించే తీరు చూడండి. మనిషిని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక ముద్ద మింగాక ఇంకో ముద్ద పెడుతున్నారా? పడుకోబెట్టి గబగబా నోట్లో పోస్తే ఆ మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకైతే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఫీడ్ అయ్యాక కూడా అరగంట నుంచి గంట దించకూడదు. పక్షవాతం తర్వాత మింగడం కష్టమైనవాళ్లకు పలచటి నీళ్లే ఎక్కువ పొరబోతాయి. వాళ్లకు నీళ్లు ఎలా ఇస్తున్నారని అడగండి. చిక్కబరిచి ఇస్తాం, మింగే పరీక్ష చేయించాం అంటే తెలిసినవాళ్లే. “నీళ్లు తగ్గించేస్తాం” అన్నారంటే అక్కడివాళ్లకు ఒళ్లు ఎండిపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తప్పవు.

పరాయివాళ్ల దుప్పటి ఎత్తి చూసే హక్కు మనకు లేదు. అయినా పైకి కనబడేవే చాలా చెబుతాయి. పెదాలు ఎండి పగిలాయా? గోళ్లు పెరిగి మట్టి పట్టాయా? మణికట్టు చుట్టూ గుడ్డతో కట్టిన గీత ఉందా? వేళ్ల సందుల్లో గోకిన పొక్కులుంటే గజ్జి కావచ్చు. ఒకరికి వస్తే హాలంతా పాకుతుంది. యూరిన్ బ్యాగ్ మంచం కన్నా కిందికి, నేలకు తగలకుండా వేలాడాలి. ఒళ్లో పెట్టి వీల్‌చైర్ తోస్తుంటే మూత్రం వెనక్కి పోతుంది.

పడక పుండ్ల గురించి సూటిగా ఇలా అడగండి: “ఇప్పుడు మీ దగ్గర పుండ్లు ఉన్నవాళ్లెంతమంది? అందులో ఇక్కడికి వచ్చాక పడినవి ఎన్ని?” మంచాన పడ్డవాళ్లు పది మంది ఉన్నచోట ఎప్పుడూ ఒక్కటీ పడలేదంటే నమ్మడం కష్టం. ఫలానా ఇద్దరికి ఉన్నాయి, ఒకటి ఆసుపత్రి నుంచి వచ్చింది, వారం వారం కొలిచి రాస్తున్నాం అని చెప్పేవాళ్లే నయం. కదల్లేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, ఆ తిప్పినట్టు చార్టులో రాయాలి. ఆ చార్టు చూపించమనండి. ఉదయం పదకొండింటికే మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల గడులు కూడా నిండి ఉంటే, వారం మొత్తం ఒకే పెన్నుతో ఒకే చేత్తో రాసి ఉంటే అది కాగితం కోసం రాసినదే. తొలి దశలో పుండు కనబడదు. నడుం కింద, మడమ మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు తెల్లబడదు. చామన ఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు గనక అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి. ఈ మాట నర్సు నోట వస్తే సంతోషించండి.

ఎయిర్ బెడ్ ఉందని చూపిస్తే మోటారు ఆడుతోందా, మనిషి బరువుకు తగ్గట్టు డయల్ పెట్టారా చూడండి. తుంటి కింద పరుపు అడుగున అరచెయ్యి పెట్టినప్పుడు ఎముక బరువు చేతికి తగిలితే గాలి చాలనట్టే. కరెంటు పోతే మోటారు ఆగుతుంది కాబట్టి దానికీ, లిఫ్ట్‌కూ బ్యాకప్ ఉందా కనుక్కోండి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం మానకూడదు.

సిబ్బంది గురించి “మొత్తం ఎంతమంది పనిచేస్తారు” అని అడిగితే పెద్ద అంకె చెబుతారు. “నిన్న రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్నది ఎవరెవరు, అందులో నర్సు ఎవరు” అని అడిగి డ్యూటీ రిజిస్టర్ చూడండి. లెక్క మీరే కట్టొచ్చు. ఒక్కొక్కరికి డైపర్ మార్చి, తుడిచి, తిప్పడానికి 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. మంచాన పడ్డవాళ్లు ఆరుగురుంటే ఒక చుట్టుకే గంట నుంచి గంటన్నర. బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. కాబట్టి 20 మందికి రాత్రి ఒక్క ఆయా ఉన్నచోట రెండు గంటలకోసారి తిప్పుతున్నామనడం జరగని పని. నర్సు అని చెప్పేవారు జీఎన్‌ఎమ్, ఏఎన్‌ఎమ్, బీఎస్సీలో ఏది చదివారు, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఒక్కో ఆయా ఎన్నాళ్లుగా ఉందో కూడా మాటల్లో కనుక్కోండి. మూడు నెలలకోసారి మనుషులు మారేచోట ఎవరికి ఏ మాత్ర పడదో ఎవరికీ గుర్తుండదు.

మందుల దగ్గర తప్పులు ఎక్కువ. ప్రతి మనిషికీ విడి డబ్బా, విడి షీటు ఉండాలి. మాత్ర ఇచ్చాకే సంతకం పడాలి. ఇన్సులిన్ ఇంకా తెరవనిదైతే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. తెరిచినది చాలా రకాల్లో 28 రోజులే పనికొస్తుంది, దాని మీద తెరిచిన తేదీ రాసి ఉందా చూడండి. భోజనం ముందు వేసే ఇన్సులిన్ ఏడింటికి వేసి భోజనం ఎనిమిదిన్నరకు పెడితే షుగర్ పడిపోవచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు లెవోడోపా మాత్ర అరగంట ఆలస్యమైనా ఒళ్లు బిగుసుకుపోవచ్చు. అందరికీ ఒకే వేళకు ట్రాలీ తిప్పే హోమ్ వాళ్లకు సరిపడదు. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలను గొట్టంలో వేయడానికి నూరితే డోసు మొత్తం ఒక్కసారే ఎక్కుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఉదయం పదకొండింటికి హాల్లో సగం మంది తలలు వాల్చి నిద్రపోతుంటే అది ప్రశాంతత అనుకోకండి. రాత్రి అల్లరి చేస్తున్నారని మత్తు మందులు పెంచేసే చోట్లు ఉంటాయి. అలా మత్తులో ఉన్నవాళ్లు పడిపోతారు, తిండి తగ్గుతుంది. నిద్ర, మానసిక మందులు ఎవరు రాస్తారు, మార్చే ముందు కుటుంబానికి చెబుతారా, చేతులు కట్టాల్సి వస్తే ఎవరి అనుమతితో, ఎంతసేపు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకు మందులు తేల్చుకోవడానికి బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వృద్ధుల మానసిక వైద్య విభాగం ఉంది.

బరువు పుస్తకం అడగండి. నెలకోసారి తూచి రాయాలి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టర్ చూడాల్సిందే. అంటే 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గినా ప్రమాద సూచనే.

మనవాళ్ల విషయంలో భాష కూడా వైద్యంలో భాగమే. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న కన్నడ, ఇంగ్లిషు ముందు జారిపోతాయి, చిన్ననాటి తెలుగు మిగులుతుంది. ఆయా ఏ ఒడిశా నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చిన అమ్మాయైతే “కడుపులో మంట” అన్నా, “ఒంటికి పోవాల” అన్నా అర్థం కాదు. అర్థం కాక చివరికి ఈవిడ ఊరికే అరుస్తుందంటారు. ప్రతి షిఫ్ట్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండేలా చూడండి. లేకపోతే నొప్పి, నీళ్లు, బాత్రూం, చలి, ఆకలి వంటి పాతిక మాటలు మీవాళ్లు అనే తీరులోనే కన్నడ, హిందీ లిపుల్లో, అర్థంతో సహా రాసి మంచం దగ్గర అంటించండి. పెరుగన్నం, పప్పు, రాగిజావ వంటివి అడిగితే చేసిపెడతారా అన్నది కూడా చిన్న విషయం కాదు; బరువు తగ్గేది అక్కడే.

అక్కడున్న పెద్దవాళ్లతో మాట్లాడండి. “బాగుందా?” అంటే “బాగానే ఉంది నాయనా” అంటారు, పక్కన మేనేజర్ ఉంటే మరీను. “అవ్వా, రాత్రి బాత్రూంకు పోవాలంటే ఎవరిని పిలుస్తావు? వచ్చేదానికి ఎంతసేపు అవుతుంది?” అని అడగండి. “తెల్లారేదాకా ఆగుతా” అన్నారంటే అది మీకు చాలు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ గోడకు గట్టిగా ఉందా, తలుపు బయటికి తెరుచుకుంటుందా, గడియ బయటి నుంచీ తీయగలరా కూడా చూసి రండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపు కదలదు.

కాగితాల్లో నాలుగు మాటలు. గొట్టాలు, ఇంజెక్షన్లు, ఆక్సిజన్ లాంటి వైద్యం చేస్తామనేవాళ్లను కేపీఎంఈ రిజిస్ట్రేషన్ చూపించమనండి. ఇది కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల 2007 చట్టం ప్రకారం ఉండాల్సినది. డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రిలో తోడుండే మనిషి నెల ఫీజులో ఉన్నాయా, విడిగానా? ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఎంత కట్టాలి? డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? అడగడానికి నోరు రాకపోయినా, మరణం సంభవిస్తే కారణం రాసి సంతకం పెట్టే డాక్టర్ ఎవరో ముందే తెలుసుకోండి. లేకపోతే ఆ రాత్రి కాగితం కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

వీలైతే ముందు నెల రోజులకే చేర్పించండి. చేర్పించే రోజు బరువు తూయించి, నర్సు ఎదుటే నడుం, తుంటి, మడమల చర్మం చూసి, తేదీతో ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఉంచుకోండి. పదిహేను రోజులకోసారి మళ్లీ అవే చోట్లు చూడండి. అకస్మాత్తుగా అయోమయంగా మాట్లాడితే వయసు మీదికి నెట్టేయనివ్వకండి. మూత్ర పరీక్ష, సోడియం, షుగర్ చూడమనండి, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా అడగండి.

లోపం కనబడితే ముందు మేనేజర్‌కు ఈమెయిల్‌లో తేదీ, వేళ, ఫొటోతో రాయండి, నోటిమాట నిలవదు. దెబ్బలు, కట్టేసిన గుర్తులు, తిండి మాన్పించడం లాంటివైతే జవాబు కోసం ఆగకుండా 112కు ఫోన్ చేసి, మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లి గాయాలు డాక్టర్ చేత రాయించండి. బెంగళూరులో వృద్ధుల హెల్ప్‌లైన్ 1090, దేశమంతటికీ ఎల్డర్‌లైన్ 14567. డిపాజిట్, బిల్లుల గొడవలకు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ పనికొచ్చేవి మీ ఈమెయిళ్లు, రసీదులు, చేర్పించిన రోజు సంతకం పెట్టించుకున్న ఆ కాగితమే.