పాత ఆండ్రాయిడ్ బాక్స్‌లో లినక్స్ ఎక్కట్లేదా? యాడ ఆగిందో ఇట్టా కనుక్కోండి

స్మార్ట్ టీవీ వచ్చాక మన ఒంగోలు, నెల్లూరు ఇళ్లల్లో పాత ఆండ్రాయిడ్ బాక్సులు బీరువా మీద దుమ్ము పట్టి ఉంటన్నయ్. వాటిని పాత సామాన్లోళ్లకి ఇచ్చెయ్యకండి, ఆర్మ్‌బియన్ లాంటి తేలికపాటి లినక్స్ (ఆండ్రాయిడ్ బదులు బాక్స్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే పిల్లలు పైథాన్ నేర్చుకోడానికో, కందుకూరులోనో కావలిలోనో జిరాక్స్ షాపులో పాత యూఎస్‌బీ ప్రింటర్‌ని అన్ని కంప్యూటర్లకీ కలపడానికో చక్కగా పనికొచ్చిద్ది. కానీ చాలామంది ఒకసారి లినక్స్ రాసిన ఎస్‌డీ కార్డు పెట్టి చూసి, లోగో దగ్గరే ఆగింది, ఇంక ఇది రాదులే అని వదిలేస్తన్నారు. చాలాసార్లు బాక్స్ బాగానే ఉండిద్ది, మనం సెట్ చెయ్యాల్సింది ఎక్కడో ఒకటి మిగిలిపోయి ఉండిద్ది అంతే.

ముందు లోపల ఏ చిప్ ఉందో తేల్చుకోండి. డబ్బా మీద రాసింది, సెట్టింగ్స్‌లో చూపించేది నమ్మొద్దు, చవక బాక్సుల్లో ర్యామ్ కూడా ఎక్కువ చేసి చూపిస్తారు. సీపీయూ-జెడ్ యాప్ వేసి చూడండి, డౌటుంటే మూత తీసి చిప్ మీద పేరు చదవండి. ఆమ్‌లాజిక్, రాక్‌చిప్, ఆల్‌విన్నర్, ఈ చిప్ కంపెనీల్లో దేని ఇమేజ్ (కార్డు మీద రాసే లినక్స్ ఫైల్) దానిదే, ఒకదానిది ఇంకోదాంట్లో బూట్ కాదు. ఈడ నేను చెప్పేది ఎక్కువగా ఆమ్‌లాజిక్ గురించి, అంటే ఎస్905ఎక్స్, ఎస్905డబ్ల్యూ, ఎస్912, ఎస్905ఎక్స్3 లాంటివి.

ఇమేజ్‌ని కంప్యూటర్లో బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో మంచి ఎస్‌డీ కార్డు మీద రాయండి, చివర్లో వెరిఫై చేస్తది, దాన్ని స్కిప్ చెయ్యకండి, కార్డు పాడైతే చాలాసార్లు అక్కడే దొరికిపోయిద్ది. రాయడం అయిపోయాక విండోస్ "ఫార్మాట్ చెయ్యాలా" అని అడిగిద్ది, క్యాన్సిల్ కొట్టండి, కార్డులో రెండో పార్టిషన్ (రెండో భాగం) లినక్స్‌ది కాబట్టి విండోస్‌కి అది అర్థం కాక అట్టా అడుగుద్ది. 1 జీబీ ర్యామ్ ఉంటే డెస్క్‌టాప్ లేని ఇమేజ్ తీసుకోండి, 2 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఓ మాదిరిగా నడుస్తది.

ఇప్పుడు అసలు పని. కార్డులో బూట్ పార్టిషన్ తెరవండి, ఎక్స్‌ట్‌లినక్స్ (extlinux) అనే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైల్ ఉంటది, దాంట్లో ఎఫ్‌డీటీ (FDT) అని మొదలయ్యే లైన్ మీ బాక్స్‌కి సరిపోయే డీటీబీ ఫైల్‌ని చూపించాలి. డీటీబీ అంటే ఈ బోర్డు మీద ర్యామ్ యాడ ఉంది, ల్యాన్ యాడ ఉంది అని కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, చెప్పే పటం. ఎస్905ఎక్స్‌కి పీ212, ఎస్905డబ్ల్యూకి పీ281, ఎస్912కి క్యూ200, ఎస్905ఎక్స్3కి ఎస్ఈఐ610 తో మొదలుపెట్టండి, రాకపోతే అదే చిప్ పేరున్న మిగతావి ఒక్కోటీ మార్చి చూడండి. అదే పార్టిషన్‌లో యూ-బూట్ (లినక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) పేరుతో రెండు మూడు ఫైళ్లుంటయ్, మీ చిప్‌ది కాపీ చేసి దానికి యూ-బూట్.ఎక్స్‌ట్ (u-boot.ext) అని పేరు పెట్టాలి, ఇది చెయ్యకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

బాక్స్ ఇంకా ఆండ్రాయిడ్‌లోకే పోతందంటే అది కార్డు వైపు చూడట్లేదని అర్థం. చాలా బాక్సుల్లో ఏవీ జాక్ రంధ్రంలో లోపల చిన్న బటన్ ఉండిద్ది, పళ్లు కుట్టుకునే పుల్ల పెట్టి మెల్లగా నొక్కితే టిక్ మని చేతికి తెలుస్తది, అట్టా నొక్కి పట్టుకునే పవర్ పెట్టి, లోగో వచ్చి పోయాక వదలండి. ఇది ఒక్కసారి పనిచేస్తే చాలు, ఆ తర్వాత కార్డు ఉంటే లినక్స్, తీస్తే ఆండ్రాయిడ్. ఆల్‌విన్నర్ చిప్పులకి ఈ పుల్ల గొడవ లేదు, అవి ముందు కార్డే చూస్తయ్.

లోగో తర్వాత నల్లగా అయిపోతే కంగారు పడొద్దు. ల్యాన్ కేబుల్ పెట్టి రౌటర్ లిస్టులో కొత్త పరికరం కనపడిందా చూడండి, కనపడితే లినక్స్ ఎక్కినట్టే, గొడవ హెచ్‌డీఎంఐది, వేరే టీవీకి పెట్టి చూడండి లేదా వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి పోండి. యూజర్ రూట్, పాస్‌వర్డ్ 1234, లోపలికి పోగానే మార్చమంటది. మొదటిసారి ఫైల్ సిస్టమ్ పెద్దది చేసుకుంటది కాబట్టి కొన్ని నిమిషాలు పట్టుద్ది, మధ్యలో కరెంటు తియ్యొద్దు. వైఫై మీద ఆశ పెట్టుకోకండి, చాలా చవక వైఫై చిప్పులకి డ్రైవర్లు దొరకవు.

రౌటర్‌లో కూడా కనపడకపోతే యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ ఒకటి తెచ్చుకోండి, బాక్స్ ఎక్కేటప్పుడు వచ్చే మెసేజ్‌లు దాంతో కంప్యూటర్లో కనపడతయ్, బోర్డు మీద చిన్న పిన్నులుంటయ్, గ్రౌండ్‌కి గ్రౌండ్, టీఎక్స్‌ని (పంపేది) ఆర్ఎక్స్‌కి (అందుకునేది), ఆర్ఎక్స్‌ని టీఎక్స్‌కి కలపాలి, 3.3 వోల్టులదే వాడాలి, వీసీసీ (పవర్) తీగ అసలు తగిలించొద్దు. కంప్యూటర్లో సీరియల్ స్పీడు 115200 పెట్టండి. "స్టార్టింగ్ కెర్నల్" దగ్గరే ఆగిపోతే డీటీబీ తప్పని ముందు అనుమానించాలి. "రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదు" అని పానిక్ (కెర్నల్ ఆగిపోయే ఎర్రర్) వస్తే కార్డు చెడిపోయి ఉండిద్ది, లేకపోతే కాన్ఫిగ్‌లో రూట్ లైన్ కార్డుతో కలవట్లేదు, మళ్లీ రాయండి.

ఒకసారి ఎక్కుద్ది, ఒకసారి ఎక్కదు, పెన్‌డ్రైవ్ పెట్టగానే రీబూట్ అయిద్ది, ఇట్టాంటివి ఎక్కువగా పవర్ గొడవలే. చాలా బాక్సులకి 5 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వొద్దు, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క 500 మిల్లీ ఆంపియర్లే.

ఎక్కిన తర్వాత అప్‌డేట్ కొడితే "రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు" అని వస్తే డేట్ చూడండి. చాలా బాక్సుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ టైమ్ వెనక్కి పోయిద్ది, ఎండాకాలం మన పొదిలి, కనిగిరి వైపు కోతలప్పుడు ఇది రోజూ చూస్తారు. నెట్ తగిలించి కాసేపు ఆగితే సరైపోయిద్ది.

లోపలి మెమరీలోకి ఇన్‌స్టాల్ చెయ్యడం మాత్రం ఆఖరున. కార్డు మీద కొన్నాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచాకే చెయ్యండి, ముందు మీ బోర్డుకి సరిపోయే ఆండ్రాయిడ్ ఫర్మ్‌వేర్ దించి పెట్టుకోండి, ఆమ్‌లాజిక్ యూఎస్‌బీ బర్నింగ్ టూల్‌తో అదే మళ్లీ ఎక్కించుకోవచ్చు, దానికి రెండు వైపులా మగ పిన్ను ఉన్న యూఎస్‌బీ కేబుల్ కావాలి. ఇమేజ్‌ని డీడీ కమాండ్‌తో నేరుగా లోపలి మెమరీ మీద రాయకండి, బాక్స్‌ని మొదట లేపే బూట్‌లోడర్ చెరిగిపోయి బాక్స్ చచ్చిపోయిద్ది, ఇమేజ్‌తో పాటు వచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్టే వాడండి.